విప్పని పొట్లం

"సాయంత్రం ఐదింటికి మూసేస్తారంట. ఆపైన శామే దిగొచ్చి అడిగినా మార్చేకి లేదంట," అన్నాడు నారాయణసామి, కంచం ముందు కూర్చుంటూ.



భాగ్యం పెనం మీద దోస తిప్పుతోంది. మాలిని గోడకు ఆనుకుని కూర్చుని, ఫోనులో ఇంజనీరింగు కౌన్సెలింగుకు పంపాల్సిన కాలేజీల పట్టీ పైకీ కిందికీ జరుపుతోంది. ఇరవై రెండు కాలేజీలు. ఇరవై రెండింటి పక్కనా కంప్యూటర్ సైన్సే. ఆ పట్టీ నిన్న తనే నింపింది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

అదే భాగ్యానికి మింగుడు పడడం లేదు.

పిల్ల పోట్లాడుతుందనుకుంది. ప్లస్ టూ మార్కులు వచ్చిన రోజు నుంచీ ఈ ఇంట్లో పోట్లాటే కదా. "నేను మెకానికల్ చదువుతా, నాయన పట్టర నేనే నడుపుతా" అని కూతురు. "ఆడపిల్లకు ఆ ఇనుప పొట్టు ఏంటికి" అని తల్లి. ఇంటి ముందరి రేకుల షెడ్డునే వాళ్ళు పట్టర అంటారు. అందులో రెండు లేత్ మిషన్లు, ఒక డ్రిల్లింగు మిషను. తుడియలూరు పంపు కంపెనీలు పంపే ఇంపెల్లర్లను, అంటే పంపు లోపల తిరిగే చక్రాలను, నారాయణసామి అక్కడ కొలతకు తెచ్చి ఇస్తాడు.

పోట్లాట ఎటూ తెగలేదు. తొమ్మిది రోజుల కింద అందరూ సూలూరు అవతలి కులదేవత గుడికి పోయి పూలడిగారు. తెల్ల నందివర్ధనం వస్తే కంప్యూటర్. ఎర్ర గన్నేరు వస్తే మెకానికల్. అరిటాకు ముక్కల్లో చుట్టి నారతో కట్టిన రెండు పొట్లాలు అమ్మవారి పాదాల దగ్గర పెట్టారు. గుడికొచ్చిన ఎవరో చిన్నపాపను పిలిచి ఒకటి తియ్యమన్నారు. పూజారి విప్పాడు.

తెలుపు.

మాలిని అక్కడే మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. నుదురు నేలకు ఆనించి మొక్కి లేచింది. "శామి చెప్పింది గదమ్మా. సరి," అంది.

పొట్లాలు కట్టింది భాగ్యం. రెండింట్లోనూ నందివర్ధనమే పెట్టింది.

"ఏమ్మే భాగ్యం." గడప దగ్గర కూర్చున్న అత్తగారు పొన్నమ్మాళ్ తలెత్తింది. "ఆ రెండో పొట్లం ఏం చేస్తివి?"

భాగ్యం చేతిలో గరిటె ఆగింది. "ఉండాది అత్తా."

"ఉండాదంటే? తియ్యని పొట్లం విప్పకుండా తొమ్మిదో దినం లోపల పారే నీళ్ళలో వదలాల. తొమ్మిదో దినం ఈరోజే."

"వదలతా అత్తా."

"ఎక్కడ వదలతావు? నొయ్యల్ ఏట్లోనా? ఆ మురుగులో వేస్తే అమ్మవారు ముక్కు మూసుకుని పారిపోతుంది."

నారాయణసామి నవ్వాడు. "మన వాకిట్లో కొళాయి ఉండాది గదమ్మా. సిరువాణి డ్యాము నీళ్ళు. అదీ పారే నీళ్ళే."

"నవ్వరా నవ్వు. వారానికొక దినం వచ్చే కొళాయి. అదొచ్చేదాకా అమ్మవారు క్యూలో నిలబడాల్నా?"

"ఈరోజు వచ్చే దినమే దా అవ్వా. మూడింటికి వస్తుంది," అంది మాలిని. నవ్వింది కూడా.

తొమ్మిది రోజుల తర్వాత పిల్ల నవ్వింది. ఆ నవ్వు చూడలేక భాగ్యం పొయ్యి వైపు తిరిగింది. దోస అంచు మాడిపోయింది.

*

వంటింటి కిటికీ తీస్తే పట్టర కనబడుతుంది. పది గంటలకు మాలిని కాఫీ లోటా పట్టుకుని లోపలికి పోయింది. నారాయణసామి మిషను ఆపాడు.

"ఇది ఎంతకు తీస్తివి నాయనా?"

"నువ్వే చూడు."

మాలిని వెర్నియర్ తీసి ఇంపెల్లర్ రంధ్రంలో పెట్టింది. తొమ్మిదేళ్ళ వయసులో నేర్పించాడు. గుణకారపు ఎక్కాలు రాకముందే వెర్నియర్ చదివిందని అందరికీ చెప్పుకునేవాడు.

"ఇంకా రవ్వంత పోవాల."

"ఎంత?"

"కాగితం మందం."

"ఊఁ." అతను తల ఊపాడు. కాఫీ తాగలేదు.

"ఆదివారం ఆదివారం వచ్చి కొలతలు చూస్తాలే నాయనా. హాస్టలు ఏమీ వొద్దు. బస్సులో పోయి వస్తా."

"నీకెందుకు కన్నూ ఇదంతా. శామి నీకు మంచి దారి చూపించింది. ఏసీ గది, కుర్చీ. చేతికి మట్టి అంటదు." ఆ మాట చెబుతున్నప్పుడు అతను కూతురి ముఖం చూడలేదు. మిషను వెయ్యగానే ఇంకే మాటా వినిపించలేదు.

మూలనున్న పొట్టి స్టూలు మాలినిది. దాని మీద ఆమె నోటు పుస్తకం, పెన్సిలుతో గీసిన ఇంపెల్లర్ బొమ్మలు. నారాయణసామి ఆ పుస్తకం తీసి, దుమ్ము తట్టి, అరలో పైన పెట్టాడు. ఇక ఎవరికీ అక్కర్లేని వస్తువును దాచినట్లు పెట్టాడు.

భాగ్యం కిటికీ మూసింది.

తప్పు చేసిందని తెలుసు. ఎందుకు చేసిందో కూడా తెలుసు. రెండేళ్ళ కింద ఇనుప రవ్వ ఎగిరి నారాయణసామి కుడి కంట్లో పడింది. ఆసుపత్రి బల్ల మీద మూడు రోజులు కూర్చుంది భాగ్యం. ఇప్పటికీ ఆ కంటికి సాయంత్రమైతే నీళ్ళు కారతాయి. ఆ మిషను ముందు కూతుర్ని నిలబెట్టడానికి ఆమెకు మనసు రాలేదు. పైగా కళ్ళెదుట తమ్ముడున్నాడు. భూపతి. మెడలో కార్డు, భుజాన ల్యాప్‌టాప్, ఉక్కపోసే మే నెలలో కూడా నలగని చొక్కా.

వాడిలాగ ఉంటే చాలు అనుకుంది. అంతే అనుకుంది.

*

పదకొండింటికి భూపతి వచ్చాడు. కాలేజీల వరుస ఒకసారి చూసిపొమ్మని భాగ్యమే పిలిచింది. సింగానల్లూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు.

"ఏమిరా, శుక్రవారం గదా. ఆఫీసు లేదా?"

"ఇంటి నుంచే వేలై అక్కా ఈరోజు, ఆఫీసు పనంతా ఇంట్లోనే." బ్యాగు కుర్చీలో పెట్టాడు. పొన్నమ్మాళ్ వైపు చూసి, "బాగుండారా అత్తా?" అన్నాడు.

"బాగుండేకి ఏముందయ్యా. నువ్వు చిక్కిపోతివి. మీ ఆఫీసులో క్యాంటీను మూసేసిరా?"

భూపతి నవ్వాడు.

మాలిని ఫోను పట్టుకొచ్చింది. "మామా, ఈ చిన్న స్క్రీనులో వరుస మార్చేకి రాలేదు. వేలు పెడితే ఇంకోటి జరుగుతుంది. నీ ల్యాప్‌టాప్ ఇస్తావా?"

"అది... ఆఫీసుది కన్నూ. బయటి సైటు ఏదీ తెరుచుకోదు."

"పోయిన ఏడు దాంట్లోనే గదా మామా సినిమా చూపిస్తివి?"

"ఇప్పుడు రూల్సు మార్చిరి. ఫోనులోనే చేద్దాం, ఇటు తే."

భాగ్యం అతనికి కూర్చునే చోటు చెయ్యడానికి బ్యాగు ఎత్తింది. ఎత్తిన చెయ్యి అనుకున్నదానికంటే పైకి పోయింది. అంత తేలిగ్గా ఉంది. లోపల ఏదో గలగలమంది. టిఫిను డబ్బా.

తమ్ముడి ముఖం చూసింది. అతను చూపు దించుకున్నాడు.

"భూపతీ, పెరట్లో మోటారు నీళ్ళెత్తడం లేదు. ఒకసారి వచ్చి చూడు," అంది.

పట్టరలో మోటార్ల పని తెలిసిన నాయన ఉండగా, తమ్ముడిని ఎందుకు పిలుస్తోందో మాలిని అడగలేదు. తల కూడా ఎత్తలేదు. పొన్నమ్మాళ్ మాత్రం ఎత్తింది.

*

బట్టలుతికే రాయి మీద భూపతి కూర్చున్నాడు. బ్యాగు ఇంకా భాగ్యం చేతిలోనే ఉంది.

"ఏప్రిల్ నుంచి లేదక్కా."

"ఏమి లేదు?"

"వేలై."

భాగ్యం బ్యాగు కింద పెట్టింది.

"ఒక గదిలోకి పిలిచిరి. పది నిమిషాలు మాట్లాడిరి. ల్యాప్‌టాప్, కార్డు రెండూ బల్ల మీద పెట్టి పొమ్మనిరి. మా టీములో పదకొండు మందిమి. ఎనిమిది మందిని తీసేసిరి."

"ఏప్రిల్ నుంచా! మరి దినమూ బ్యాగు తగిలించుకుని ఎక్కడికి పోతావుండావురా?"

"ఉక్కడం నుంచి గాంధీపురం. గాంధీపురం నుంచి ఉక్కడం. బస్సులో కూర్చుంటే ఎక్కడికి పోతావని ఎవరూ అడగరు గదా. కండక్టరు తప్ప."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. భాగ్యం అతని పక్కన కూలబడింది.

"ఇంట్లో దానికి తెలుసునా?"

"తెలియదు. బావకూ చెప్పొద్దక్కా. ఆయన ముందర తలెత్తలేను."

"వేరే చోట దొరకదా?"

"దొరకొచ్చు. పోయి కూర్చుంటా, అడుగుతారు, జవాబు చెప్తా. చెప్తావుంటే నాకే నిద్రొస్తుంది." అతను నేల మీద పుల్లతో గీతలు గీశాడు. "చదువు చెడ్డది కాదక్కా. ఆ ముగ్గురిని పెట్టుకున్నారే, వాళ్ళకు అదంటే పిచ్చి. కూడు తినేది మరిచిపోయి చేస్తారు. నాకు ఏ దినమూ అట్ల లేదు. నాకు పిల్లలకు పాఠం చెప్పాలని ఉండె. నీకు జ్ఞాపకం ఉండాదో లేదో."

భాగ్యానికి జ్ఞాపకం ఉంది. టీచరు పని చేస్తే పెళ్ళిపిల్ల కూడా దొరకదని ఆనాడు నవ్వింది తనే. వాడి అప్లికేషను తనే నింపించింది.

"అంటే, నా మీద వేస్తావా?" అంది. 

"అయ్యో, లేదక్కా. నీ మీద వేస్తే నాకేం వస్తుంది." భూపతి పుల్ల విరిచేశాడు. "మాలిని సంగతి తలుచుకుంటేనే భయం. నన్ను చూసి ఆ పిల్లను పంపిస్తారేమోనని మూడు నెలలు నిద్ర లేదు. వచ్చి చెప్పేద్దామని రెండుసార్లు ఈ వీధి చివరి దాకా వచ్చి తిరిగి పోతి."

"మరి చెప్పలేదే?"

"అమ్మవారే చెప్పిందని తెలిసింది గదా. అప్పుడు దా నాకు ధైర్యం వచ్చె. నా మాట, నీ మాట ఏమీ లేదు. ఆ తల్లి చూసుకుంటుంది."

అతను లేచి ముఖం కడుక్కున్నాడు. తువ్వాలు లేక చొక్కా చేతితోనే తుడుచుకున్నాడు. నలగని చొక్కా అనుకుంది ఇన్నాళ్ళూ. దగ్గర నుంచి చూస్తే కాలరు అంచు అరిగి దారాలు వేలాడుతున్నాయి.

*

చెప్పేయాలి. పొట్లం తెచ్చి అందరి ముందర విప్పాలి. మాటలతో చెప్పడం తన వల్ల కాదు. పువ్వే చెప్తుంది.

భూపతి మధ్యాహ్నం తిని పోయాక, నారాయణసామి చాప మీద నడుం వాల్చాక, భాగ్యం వంటింట్లోకి పోయి, రెండో పొట్లం దాచిన రాగిపిండి డబ్బా దించింది. పిండిలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది.

లేదు.

పిండినంతా కాగితం మీద గుమ్మరించింది. ఆవాల డబ్బా చూసింది. పప్పు డబ్బా చూసింది. మళ్ళీ పిండిలోనే వెతికింది. చెమటకు పిండి చేతులకు అట్టలు కట్టింది.

"ఏమి వెతుకుతావుండావు?"

వెనక పొన్నమ్మాళ్. పెరటి తలుపు లోంచి వస్తోంది. కొంగులో సాయంత్రం దీపానికి కోసిన పూలున్నాయి.

"ఏమీ లేదు అత్తా. పురుగు పట్టిందేమోనని."

"పట్టింటుంది. మూసి పెట్టింది ఏదైనా పురుగు పడుతుంది." ముసలామె పూలు కంచంలో పోసింది. కాసేపు కోడలి పిండి చేతుల వైపు చూసింది.

"డబ్బా మీరు ముట్టినారా అత్తా?"

"నాకేంటికి రాగిపిండి?" పొన్నమ్మాళ్ గొంతు తగ్గించింది. "భాగ్యం, నా కొడుకు కోపం నీకు తెలుసు. మెల్లగా వస్తుంది, వస్తే పోదు. ఇల్లన్న తర్వాత కొన్ని లోపలే ఉండాల. ముఖం కడుక్కో పో."

అత్తగారికి తెలుసు. ఎంత తెలుసో తెలియదు.  భాగ్యం చేతులు కడుక్కుంది. పిండి గోళ్ళ సందుల్లో ఉండిపోయింది.

*

నాలుగున్నరకు నారాయణసామి శుభ్రమైన చొక్కా తొడుక్కుని హాల్లోకి వచ్చాడు. మంచి పని చేసేటప్పుడు మాసిన చొక్కా కూడదంటాడు. మాలిని ఫోను అతని చేతికిచ్చింది.

"పట్టీ సరిగా ఉండాది నాయనా. నువ్వు ఇక్కడ నొక్కితే ఒక నంబరు వస్తుంది. అది వేస్తే అయిపోయె."

"నువ్వే నొక్కు కన్నూ."

"నీ చేత్తోనే నొక్కు నాయనా. నీ చెయ్యి మంచిది."

భాగ్యం తలుపు దగ్గర నిలబడింది. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. "ఏమయ్యా," అంది. నారాయణసామి చూశాడు.

"ఏమి?"

"కాఫీ కావాల్నా?"

"ఇప్పుడేం కాఫీ. ఉండు."

వాకిట్లో కొళాయి ధారగా పడుతోంది. పొన్నమ్మాళ్ దేవుడి గది నుంచి వచ్చింది. అరచేతిలో అరిటాకు పొట్లం, ఎండి గోధుమరంగుకు తిరిగినది.

"మాలినీ, ఇది కొళాయి కింద వదిలిపెట్టి రా. మీ అమ్మ మరిచిపోతుంది. దీన్ని వదిలినాక మీ నాయన నొక్కనీ."

మాలిని రెండు చేతులా అందుకుంది. కళ్ళకు అద్దుకుంది. వాకిట్లోకి దిగింది. నాలుగడుగులు వేస్తే కొళాయి.

"విప్పు," అంది భాగ్యం.

అందరూ తిరిగి చూశారు.

"విప్పకూడదు గదమ్మా."

"నేను చెప్తావుండా గదా, విప్పు! దాంట్లో ఎర్రది లేదు."

"భాగ్యం!" పొన్నమ్మాళ్ గొంతు చర్రుమంది. "తలకేమైనా అయిందా నీకు?"

నారాయణసామి ఫోను పట్టుకునే వాకిట్లోకి వచ్చాడు. "ఏమంటావుండావు నువ్వు? ఎర్రది లేకుండా ఏముంటుంది?"

భాగ్యం కూతురి చేతుల వైపే చూసింది. అప్పుడే ఆమెకు కనబడింది. తాను కట్టింది అరటినారతో. ఇప్పుడు పొట్లానికి తెల్ల నూలు దారం ఉంది.

మాలిని దారం లాగింది. ఆకు గలగలమని విరిగింది.

ఎర్ర గన్నేరు.

 నారాయణసామి పెద్దగా ఊపిరి వదిలాడు. "ఉండాది గదా! ఏమే, పిల్ల కాలేజీకి పోకముందే నీకు జ్వరమొచ్చె? శామి దగ్గర ఆటలా?" అన్నాడు. కోపం కంటే ఊరటే ఎక్కువుంది ఆ మాటలో. "పోదుం. అందరూ లోపలికి రండి. టైమైతావుండాది."

భాగ్యం అత్తగారి వైపు చూసింది. పొన్నమ్మాళ్ గడపలో కూర్చుని ఒత్తులు నలుపుకుంటోంది. తలెత్తలేదు. ఆ వంచిన తలే మాట్లాడుతోంది. ఊరుకో. నిన్ను కాపాడితి, ఊరుకో.

ఊరుకుంటే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. ఆ ఒక్క క్షణం భాగ్యానికి గుండె తేలికైంది. తేలికైనందుకే తన మీద తనకు అసహ్యం వేసింది. మోసం చేసిన రోజు కూడా ఇంత అసహ్యం వెయ్యలేదు.

"నంబరు వచ్చె," అన్నాడు నారాయణసామి. కుడి కన్ను తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని ఒక్కొక్క అంకె చదివాడు. "ఏడు... నాలుగు... ఏడు..."

"నొక్కొద్దు నాయనా."

మాలిని కొళాయి దగ్గరే నిలబడి ఉంది. ఒక చేతిలో ఎండిన ఆకు, ఒక చేతిలో పువ్వు. రేకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చూసింది. వెర్నియర్ పట్టుకునే వేళ్ళు అవి. మెల్లగా నలిపింది. వేళ్ళకు తడి అంటింది.

ఆమె అవ్వ వైపు చూడలేదు. తల్లి వైపే చూసింది.

"అమ్మా, ఆకు ఎండిపోయింది," అంది. "పువ్వు ఏంటికి వాడలేదు?"

పొన్నమ్మాళ్ చేతిలో ఒత్తి ఆగిపోయింది. నారాయణసామి బొటనవేలు ఫోను మీద, అంకెలకు ఇంకా తగలకుండా, అలాగే నిలిచిపోయింది.

ఐదుకు పదకొండు నిమిషాలుంది.